ఆ వైరు మధ్యకి ఎవరూ రావద్దు

నాకు కంప్యూటర్లంటే భయమని మా ఐసు ప్లాంటులో ఒక పుకారు ఉండేది. పుట్టించింది మా ఓనరుగారే. "ఆడమనిషి కదండీ, కొత్త మిషనంటే కొంచెం జంకు" అని లారీ డ్రైవర్లతో కూడా అన్నారట. తాడేపల్లిగూడెంలో మా వీధిలో మొట్టమొదట కంప్యూటరు కొన్నది నేను. దాని డబ్బా విప్పి, పాడైన ఫ్యాను మార్చి, మళ్ళీ బిగించిందీ నేనే. ఈ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా ఆయన వినే మనిషి కాదు, నేను చెప్పుకునే మనిషినీ కాదు.

ఏలూరు నుంచి కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు మీద ఉండేది ఆ ప్లాంటు. రెండు వేల సంవత్సరం దాటాక ఏడేళ్ళ పాటు నేను అక్కడ ఇంజనీరుని. పొద్దున్నే గూడెంలో ప్యాసింజరు ఎక్కి ఏలూరులో దిగేదాన్ని, స్టేషను బయట ఆటో పట్టుకుని ప్లాంటు గేటు దగ్గర దిగేదాన్ని. కొల్లేటికోట నుంచి, ఉండి చెరువుల నుంచి వచ్చిన చేపల్ని ట్రేలలో పేర్చి, మధ్యమధ్య దంచిన ఐసు వేసి లారీల్లో కలకత్తా పంపేవారు. ఐసు అందకపోతే చేప ఆగదు. మా పెంటపాడు ధాన్యమైతే బస్తాలో నాలుగు రోజులు ఓపిక పడుతుంది, చేపకు ఆ ఓపిక లేదు. అందుకని మా ఓనరుగారికీ ఉండేది కాదు. ఉండిలో ఆయనకు సొంత చెరువులున్నాయి.

నీళ్ళను గడ్డకట్టించేది అమ్మోనియా గ్యాసు. గొట్టాల్లో ఉన్నంతసేపూ దానంత బుద్ధిమంతురాలు లేదు. కొంచెం బయటికొస్తే కళ్ళు మండుతాయి. ఇంకొంచెం వస్తే ఊపిరి అందదు. బాగా వస్తే తలుపు నాలుగడుగుల దూరంలో ఉన్నా మనిషి అక్కడి దాకా రాలేడు. ఆ గ్యాసుని గొట్టాల్లో తోసే కంప్రెసరు ఉన్న గదిలో ఏ షిఫ్టులోనైనా కూర్చునేది ఒక్క ఆపరేటరే. ఆ ఒక్క మనిషి కోసం గోడ మీద ఒక గ్యాస్ డిటెక్టరు ఉండేది. దాని నుంచి ఒక వైరు సరాసరి కంప్రెసరు స్టార్టరుకి వెళ్ళేది. గ్యాసు తగిలిందా, బెల్లు మోగుతుంది, కంప్రెసరు ఆగుతుంది, పెద్ద ఫ్యాన్లు తిరుగుతాయి. ఆ వైరు ఎవరినీ ఏమీ అడగదు. దానికి తెలిసిన పని అదొక్కటే.

ఆ బెల్లు ఊరికే మోగేది కూడా. వానాకాలం చెమ్మకి మోగేది. గొట్టాల్లో చేరిన ఆయిలు తీసేటప్పుడు కాస్త గ్యాసు వస్తే మోగేది. ఒక్కోసారి ఎందుకు మోగిందో దానికీ తెలియదు, మాకూ తెలియదు. ఆగిన ప్లాంటుని మళ్ళీ దారిలో పెట్టేసరికి గంటన్నర. ఈలోగా గేటు బయట లారీలు వరస కడతాయి, ట్రేలు పేర్చే ఆడవాళ్ళు చేతులు ముడుచుకు కూర్చుంటారు, ఓనరుగారు తన గదిలోంచి నా గదికి, నా గదిలోంచి తన గదికి తిరుగుతారు. ఒకసారి ఎవరో మహానుభావుడు డిటెక్టరుకి తడిగుడ్డ చుట్టాడు. ఆ రోజు నేను అరిచిన అరుపు రోడ్డవతల టీకొట్టు దాకా వినిపించిందని చెప్పుకునేవారు. వినిపించే ఉంటుంది.

మా సీనియరు ఆపరేటరు ఏలూరు సాయిబుగారు. వాళ్ళ నాన్నగారు తివాచీలు నేసేవారట. ఈయన మాత్రం చిన్నప్పుడే ఐసు ఫ్యాక్టరీల్లో చేరి, అరవైకి దగ్గరపడే దాకా అమ్మోనియాతోనే బతికారు. అందరం భాయిగారూ అనేవాళ్ళం. ఆయన నన్ను "అమ్మా" అనేవారు, కోపమొస్తే "మేడమ్ గారూ" అనేవారు. గంధకం పూసిన వత్తి ఒకటి వెలిగించి, ప్రతి జాయింటు దగ్గరా, ప్రతి వాల్వు దగ్గరా నింపాదిగా తిప్పేవారు. ఎక్కడైనా గ్యాసు సన్నగా కారుతుంటే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. లేచిన చోట నట్టు బిగించో ప్యాకింగు మార్చో, ఆ సంగతి గది ఇనుప తలుపు మీద సుద్దముక్కతో రాసేవారు. గేజీల రీడింగులు కూడా ఆ తలుపు మీదే. మిగతా ఇద్దరు ఆపరేటర్లకూ అదే అలవాటు చేశారు. మా ప్లాంటు నిజమైన చరిత్ర అంతా ఆ తలుపు మీద ఉండేది.

శనివారం మధ్యాహ్నం భాయిగారు బల్ల ముందు కూర్చుని, వారం మొత్తాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో లాగ్‌బుక్కులోకి ఎక్కించేవారు. తరవాత తడిగుడ్డతో తలుపు తుడిచేసేవారు. తలుపు మీద నుంచి పుస్తకంలోకి వెళ్ళే దారిలో అంకెలకు స్నానం చేయించి, తల దువ్వేవారు. ఎక్కువైనవి కాస్త తగ్గేవి, తక్కువైనవి కాస్త పెరిగేవి. లీకు అని ఒక కాలమ్ ఉండేది. దానిలో ఎప్పుడూ 'నిల్'. తలుపు మీద లీకులు నాలుగుంటే పుస్తకంలో నిల్. ఇది నాకు తెలుసు. తెలిసే ప్రతి సోమవారం పేజీ కింద సంతకం పెట్టాను. ప్లాంటు బాగా నడుస్తోంది, భాయిగారు తలుపు చూసి నడుపుతున్నారు, పుస్తకం చూసి ఎవరు నడుపుతారులే అనుకున్నాను.

నేను చేరిన ఆరో ఏడు ఓనరుగారు హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషనుకి వెళ్ళి, ఒక రంగుల కాయితం పట్టుకొచ్చారు. దాని మీద ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అని పెద్దక్షరాలు. ఇవాళ ఆ మాట పాలు పోసేవాళ్ళకి కూడా తెలుసు. అప్పట్లో మాకది సినిమా మాట.

"మనిషి మెదడులాగే నేర్చుకుంటుందటండీ," అన్నారు ఓనరుగారు. "మన పాత రీడింగులన్నీ చదివేసి, ఏ బెల్లు నిజమో ఏ బెల్లు ఉత్తదో అదే చెప్పేస్తుందట. ఇంక ఊరికే ఆగడమన్నది ఉండదు."

వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు దిగాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చదివేవాళ్ళు అతన్ని తిట్టుకుంటారు. వచ్చిన రోజే ఒంటి మీద తెల్లచొక్కాతో కంప్రెసరు గదిలోకి వెళ్ళి, అన్ని గొట్టాలూ వేలు పెట్టి చూపించి ఇదేమిటి, అదేమిటి అని అడిగాడు. చొక్కా పాడైనందుకు బాధపడలేదు. అలాంటి ఇంజనీరంటే నాకు గౌరవం. ఆరేళ్ళ లాగ్‌బుక్కులూ తీసుకెళ్ళి, ఏలూరులో ఒక కంప్యూటర్ సెంటరులో టైపు చేయించాడు. దానికే రెండు నెలలు పట్టింది.

ఓనరుగారి గదిలో కంప్యూటరు తెర పెట్టాక అతను నాకు ఏర్పాటంతా వివరించాడు.

"ఇప్పుడు డిటెక్టరు నుంచి వైరు డైరెక్టుగా స్టార్టరుకి వెళ్తోంది మేడమ్. ఇకమీదట మా సిస్టమ్‌కి వస్తుంది. సిస్టమ్ మిగతా రీడింగులన్నీ చూసి, నిజమా కాదా అని క్షణంలో తేలుస్తుంది. నిజమైతేనే ఆపుతుంది."

"కాదని తేల్చాక అది నిజమైతే?"

"చాలా అరుదు మేడమ్."

"లోపల కూర్చునేది ఒక్క మనిషండీ. ఆయనకి ఒక్కసారి చాలు."

అతను నొచ్చుకోలేదు. "మరి మనుషులు మాత్రం పొరపాటు చేయరా? తడిగుడ్డ చుట్టింది మనిషే కదా? నా సిస్టమ్ తడిగుడ్డ చుట్టదు" అన్నాడు. అందులో నిజం ఉంది. ఒప్పుకుంటాను.

సాయంత్రం ప్యాసింజరులో మా పెట్టెలో ఇంకో ఇద్దరు ఇంజనీర్లు గూడెం దాకా వచ్చేవారు. ఒకాయన రైల్వే సిగ్నళ్ళు చూసేవారు, ఇంకొకాయన ఏలూరులో ఒక రైసుమిల్లు బాయిలరు చూసేవారు. వాళ్ళ ముందు పెట్టాను విషయం.

బాయిలరాయన ఎగిరి గంతేశారు. "తీసుకోండి మేడమ్! మావాడు బాయిలరు ముందు కూర్చుని కునుకు తీస్తాడు. కంప్యూటరుకి నిద్ర ఉండదు కదండీ. నాకిస్తే రేపే పెట్టేసుకుంటాను."

సిగ్నళ్ళాయన మాత్రం అన్నారు: "మా దగ్గర ఒకటేనండీ. వైరు తెగినా, కరెంటు పోయినా, ఎలకలు కొరికినా, ఏది చెడినా సిగ్నలు ఎర్రగానే పడాలి. మీ సిస్టమ్‌కి తెలియనిది ఎదురైతే ఏమవుతుంది? ఆగుతుందా, పోనిస్తుందా? అది కనుక్కోండి ముందు."

కనుక్కోవడానికి నేను ఎక్కువ కష్టపడలేదు. అదే వచ్చి కనిపించింది.

మొదటి పదిహేను రోజులూ వైరు కదపకుండా, సిస్టమ్ ఊరికే చూస్తూ ఉండేట్టు పెట్టారు. ఆ రోజుల్లోనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒక మెచ్చుకోలు మాట అన్నాడు. "ఇంత శుభ్రమైన డేటా నేను ఎక్కడా చూడలేదు మేడమ్. ఎంత క్రమశిక్షణండీ మీ ప్లాంటుది!" ఓనరుగారు మీసం సవరించుకున్నారు. అప్పటిదాకా నాకు తట్టనే లేదు. తలుపు మీది నిజాన్ని వారం వారం తుడిచేసి, తల దువ్విన పుస్తకాన్ని తీసుకెళ్ళి ఆ మిషనుకి చదువు చెప్పాం. అందులోనూ అది చాలా శ్రద్ధగా చదివింది.

ఆ వారంలోనే ఒక ఉదయం పదకొండింటికి భాయిగారు ఆయిలు తీస్తుంటే వాల్వు పట్టేసింది. తిరిగి మూసేలోగా గ్యాసు బుస్సుమని వచ్చింది. బెల్లు మోగింది, కంప్రెసరు ఆగింది, ఫ్యాన్లు లేచాయి. భాయిగారు తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని తలుపు తోసుకుని బయటపడ్డారు. కుళాయి కింద తల పెట్టి, దగ్గుతూ, కళ్ళు కడుక్కుంటూ చాలాసేపు కూర్చుండిపోయారు. నేను దగ్గరికెళ్ళి నీళ్ళు పోశాను. నా కళ్ళూ మండిపోయాయి. పావుగంటకు ఆయన ఊపిరి కుదుటపడ్డాక ఓనరుగారి గదికి పరుగెత్తాను.

తెర మీద ఆకుపచ్చగా రాసి ఉంది: 'ఫాల్స్ అలారం. సెన్సారు చెక్ చేయండి.'

"చూశారా మేడమ్, ఎంత చక్కగా కనిపెట్టేసిందో!" అన్నారు ఓనరుగారు.

నా కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నా మొహం చూశాడు, తెర చూశాడు, మెల్లిగా లేచి నిలబడ్డాడు. బయటికి తీసుకెళ్ళి కుళాయి దగ్గర కూర్చున్న మనిషిని చూపించాను. అతను తిరిగి వచ్చి చాలాసేపు ఏవేవో నొక్కి, నన్ను పక్కకి పిలిచాడు.

"ఇది నేర్చుకున్న దాంట్లో లీకన్నదే లేనట్టు మేడమ్. మొదట్లో ఒక్కటి తప్ప ఆరేళ్ళూ నిల్. బెల్లు మోగిన ప్రతిసారీ నిల్. అందుకని బెల్లు మోగితే సెన్సారుదే తప్పనుకుంటోంది. నిజంగా ఆరేళ్ళలో ఇంకో లీకే రాలేదా?"

"నాకు రెండు రోజులు టైమివ్వండి," అన్నాను.

ఆ సాయంత్రం లాగ్‌బుక్కులు నాలుగు సంచిలో వేసుకుని గూడెం తీసుకెళ్ళాను. వంటింటి గట్టు మీద పెట్టుకుని ఒక్కొక్క పేజీ తిప్పాను. అంతకు రెండేళ్ళ ముందు తుఫాను వచ్చి, రెండు రోజులు కరెంటు లేక ప్లాంటు మూతపడింది. గదిలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. ఐసు కరిగి డ్రైనులో పోయింది. అది నేను కళ్ళారా చూశాను. పుస్తకంలో మాత్రం ఆ రెండు రోజులూ కంప్రెసరు గంట గంటకీ బ్రహ్మాండంగా నడిచింది. ప్రెజరు ఉండవలసిన చోట ఉంది. లీకు నిల్. అలవాటు చొప్పున భాయిగారు ఆ వారం కూడా కాలమ్‌లన్నీ నింపేశారు. అలవాటు చొప్పున నేను కింద సంతకం పెట్టేశాను. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇంకో పుస్తకం తీశాను.

పుస్తకాల మధ్యలో ఒక కాయితం దొరికింది. నేను చేరిన కొత్తలో భాయిగారికి ఇచ్చిన మెమో. ఫలానా రోజున ప్రెజరు ఎందుకు పెరిగిందో, ఫలానా వాల్వు దగ్గర లీకు ఎందుకొచ్చిందో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలసినదని. కింద నా సంతకం, కొత్త ఉద్యోగం పొగరుతో పొడుగ్గా. దానికి పిన్ను గుచ్చి ఆయన జవాబు, ఒకటిన్నర పేజీ. మొదటి వాక్యం 'తమరు క్షమించవలెను'. ఒక మనిషి లీకుని కనిపెట్టి, బాగు చేసి, ఉన్నది ఉన్నట్టు రాస్తే నేను ఆయన చేత క్షమాపణ రాయించుకున్నాను. ఆ పేజీ తరవాత పుస్తకంలో ఒక్క లీకూ లేదు. ఆయనకి అబద్ధం రాయడం నేర్పింది నేను. ఇంకెవరి మీదా తోసేయడానికి లేదు.

మర్నాడు భాయిగారితో టీకొట్టు దగ్గర మాట్లాడాను. వైరు మార్చడానికి ఒప్పుకుంటూ ఇంజనీరుగా నేను ఒక కాయితం మీద సంతకం పెట్టాలి, నేను పెట్టను, ఎందుకు పెట్టనో చెప్పాలంటే పుస్తకాల సంగతి బయటపెట్టాలి అని చెప్పాను.

ఆయన టీగ్లాసు కింద పెట్టేశారు. "పుస్తకాలు తప్పని మీరంటే నేను ఇంటికే కదమ్మా?"

"అలా జరగనివ్వనండీ."

"జరగనివ్వకపోవడం మీ చేతిలో ఉందా? నాకు ఇంకా రెండేళ్ళుందండీ. ఆ రెండేళ్ళు పోనివ్వండి. గంధకం వత్తి ఉంది, నా ముక్కుంది. ఇన్నేళ్ళూ ఏ కంప్యూటరు చూసిందండీ నన్ను?"

"నిన్న మిమ్మల్ని బయటికి తెచ్చింది ముక్కు కాదు భాయిగారూ. బెల్లు మోగి కంప్రెసరు ఆగింది. అది ఆగకపోతే ఆ గ్యాసు ఇంకా వస్తూనే ఉండేది. ఇకమీదట అది ఆగదు. తెర మీద ఆకుపచ్చగా ఫాల్స్ అని పడుతుంది. మీరు లోపల ఉంటారు."

ఆయన కింద పెట్టిన గ్లాసుని వేలితో తిప్పుతూ, "నా రాత బాగుంటుందని ఓనరుగారు అందరికీ చూపిస్తారండీ" అన్నారు. అయినా నేను మెత్తబడలేదు. ఆయన ఉద్యోగం, ఆయన పరువు, ఆయన ఊపిరి మూడూ నా ముందున్నాయి. మూడూ కాపాడే తెలివి నాకు లేదు. ఊపిరి ఎంచుకున్నాను. ఆయన్ని అడగలేదు, చెప్పానంతే.

మీటింగు ఓనరుగారి గదిలో. ఓనరుగారు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ముగ్గురు ఆపరేటర్లు, ప్యాకింగు సూపర్‌వైజరు. బల్ల మీద ఆ కాయితం, పక్కన పెన్ను, ఒక ప్లేటులో పూతరేకులు కూడా. తినబుద్ధి కాలేదు.

"సంతకం పెట్టేయండమ్మా, మంచి రోజు" అన్నారు ఓనరుగారు.

"పెట్టనండీ."

"ఏవండీ, ఎందుకని?"

తుఫాను వారం పేజీ తెరిచి ఆయన ముందు పెట్టాను. "ఈ రెండు రోజులూ మన ప్లాంటులో కరెంటు లేదు. మీరే పడవ మాట్లాడుకుని వచ్చి చూశారు. పుస్తకంలో కంప్రెసరు నడుస్తోంది చూడండి. మీ మిషను చదువుకున్నది ఈ పుస్తకం."

ఓనరుగారు పేజీ తిప్పి, ఇంకో పేజీ తిప్పి, భాయిగారి వైపు చూశారు. "ఇన్నేళ్ళూ అబద్ధాలు రాశావా?" అన్నారు. ఎప్పుడూ మీరు అని పిలిచే మనిషిని అలా అన్నారు. భాయిగారు తల దించుకున్నారు.

"ఆగండి," అన్నాను. "ఆయన రాశారు, నేను సంతకం పెట్టాను. తెలిసే పెట్టాను. నిజం రాసినందుకు మొదటి ఏడు ఆయనకి మెమో ఇచ్చింది కూడా నేనే, ఇదిగోండి. ఎవరినైనా పంపించాలంటే నన్ను పంపించండి. ఆయన్ని పంపిస్తే ఈ ప్లాంటు సంగతి తెలిసిన మనిషి ఒక్కడూ మిగలడు."

"అయితే ఇప్పుడేం చేయమంటారు? ఇంత చేసి ఈ మిషను పారేయమంటారా?"

"ఎందుకండీ పారేయడం? ఉంచండి. ఇవాళ్టి నుంచి తలుపు మీద ఉన్నది ఉన్నట్టు దానికి చెప్పండి. చూడనివ్వండి, నేర్చుకోనివ్వండి, ఇది ఉత్తదేమో చూసుకోండని అరవనివ్వండి. డిటెక్టరుకీ కంప్రెసరుకీ మధ్య మాత్రం నిలబడకూడదు. అది నిలబడకూడదు, మీరూ నేనూ నిలబడకూడదు. ఇన్నేళ్ళలో ఈ ప్లాంటులో అబద్ధం చెప్పనిది ఆ వైరొక్కటే."

ఓనరుగారు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వైపు తిరిగారు, అతనైనా నాలుగు మాటలంటాడని. అతను పెన్నుకి మూత పెట్టేశాడు. "నిన్నటి దాకా మేడమ్‌గారిది భయం అనుకున్నానండీ" అన్నాడు. "నా సిస్టమ్‌కి తెలియనిది ఎదురైనప్పుడు తెలియదని చెప్పడం నేను నేర్పలేదు. అది నా తప్పు. వైరు కలపమంటే నేనూ కలపను." అతని కంపెనీ వాళ్ళు తరవాత అతన్ని ఏమన్నారో నాకు తెలియదు. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ అతనికి దణ్ణం పెట్టుకుంటాను.

వైరు ఉన్నచోటే ఉండిపోయింది. నెల తిరిగేసరికి నా ఉద్యోగం పోయింది. భాయిగారి ఉద్యోగం పోలేదు. వెళ్ళేముందు కంప్రెసరు గదికి వెళ్ళి ఆయనకి చెప్పాను, వెళ్ళొస్తానండీ అని. ఆయన గేజీ వైపు చూస్తూ "మంచిదండీ మేడమ్ గారూ" అన్నారు. మెడ తిప్పలేదు. అంతమంది ముందు ఆయన ముత్యాల్లాంటి రాతను నేను అబద్ధమన్నాను. ఆయన ఎందుకు తిప్పాలి?

తరవాత ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే పనిలో పడ్డాను. ఆ ప్లాంటులో తరవాత ఏం జరిగిందని పిల్లలు అడుగుతారు. ఏమీ జరగలేదు అంటే వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. పెద్ద లీకు రావాలి, కంప్యూటరు ఫాల్స్ అనాలి, వైరు కాపాడాలి, అప్పుడు కథ. మా ఇంజనీర్లలో కూడా సగం మంది అంతే. ఏమైంది చివరికి, ఏమీ కాలేదు కదా, ఊరికే గొడవ చేసి ఉద్యోగం పోగొట్టుకున్నారు అంటారు. కోపమొస్తుంది నాకు. ఏమీ కాకుండా చూడడమే కదయ్యా మనకి ఇచ్చిన ఉద్యోగం! ఏదో ఒకటి అయ్యాక నేను చెప్పింది నిజమని రుజువైతే, ఆ రుజువు ఒక మనిషి శవం. అలాంటి రుజువు నాకు అక్కర్లేదు.

మూడేళ్ళ తరవాత ఏలూరు స్టేషనులో మధ్యాహ్నం పూట భాయిగారు కనిపించారు. బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో సంచి పెట్టుకుని బండి కోసం చూస్తున్నారు. రిటైరయ్యారట. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయన కొంచెం జరిగి చోటిచ్చారు, అంతే.

"ఎలా ఉన్నారు భాయిగారూ?"

"ఉన్నానండీ." మళ్ళీ ఆయనే అన్నారు. "మీరు వెళ్ళాక బెల్లు చాలాసార్లు మోగిందండీ. మోగినప్పుడల్లా ఆ తెర ఉత్తదే అనేది. ఆ బెల్లు ఉత్తదేనండీ, నిజమే. అయినా మోగినప్పుడల్లా కంప్రెసరు ఆగేది, నేను బయటికి పరుగెత్తేవాణ్ణి. ముసలాయన పరుగు చూడండ్రా అని అందరూ నవ్వేవారు."

"ప్రతిసారీ పరుగెత్తారా?"

"ఆయ్. ప్రతిసారీ."

"నా మీద కోపం తగ్గిందా?"

ఆయన మొదటిసారి నా మొహం వైపు చూశారు. "లేదండీ మేడమ్ గారూ. అది తగ్గదు."

బండి వచ్చింది. ఆయన సంచి భుజాన వేసుకుని లేచారు. నేను చెయ్యి అందించబోతే వద్దన్నారు. జనాన్ని తోసుకుని ఒక్క ఊపులో పెట్టె ఎక్కి, కిటికీ దగ్గర సీటు కోసం ఎవరితోనో గట్టిగా దెబ్బలాడుతున్నారు. మాటల మధ్య ఎక్కడా దగ్గు లేదు, ఆయాసం లేదు. బండి కదిలే దాకా ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ గొంతు విన్నాను. ఆయన నా వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇవాళ మళ్ళీ ఎవరైనా ఆ కాయితం నా ముందు పెట్టినా సంతకం పెట్టను.